బండిచక్రపు ఆకుతో నా తొలి పెన్ను

నిరుడు వేసవిలో తెనాలి దగ్గర మా ఊరికి వెళ్ళినప్పుడు, కొట్టంలో పడి ఉన్న విరిగిన బండిచక్రాన్ని పొయ్యిలోకి కొట్టించబోతున్న పెదనాన్నను ఆపి, అందులోని ఒక ఆకును, అంటే నడుమ నుంచి అంచు దాకా ఉండే కర్రను, అడిగి విజయవాడకు తెచ్చుకున్నాను. అది నల్లతుమ్మ. ఏళ్ళ తరబడి ఎండి, రంపపు పళ్ళను అరగదీసేంత గట్టిపడిన కర్ర. సత్యనారాయణపురంలోని మా మేడమీది గదిలో అప్పటికి రెండు నెలలుగా కర్రను తిప్పుతూ చెక్కే ఒక చిన్న లేత్ మిషన్ ఉన్నా, దానిమీద రెండు బొంగరాలు, ఒక అప్పడాల కర్ర తప్ప నేనేమీ చేయలేదు. మంచంకోళ్ళకు తరిమెన (చేతి లేత్) పట్టడం చిన్నప్పుడు చూసినవాణ్ణి కనుక పెన్ను అంతకంటే తేలికేనని అనుకున్నాను.

రాజమండ్రిలో 1932 నుంచి రత్నం పెన్నుల వారు ఎబొనైట్ (గట్టి రబ్బరు) కడ్డీలను లేత్ మీద తిప్పి సిరా పెన్నులు చేస్తున్న సంగతి తెలిసినా, భాగాలను బిగించే ఆ మరలు కోసే పని నా చేతికి అందేది కాదు. అందుకే కొత్తవాళ్ళందరూ మొదలుపెట్టే బాల్‌పెన్ను కిట్టునే తెప్పించుకున్నాను. అందులో 7 మిల్లీమీటర్ల లావున్న రెండు ఇత్తడి గొట్టాలు, మొన, క్లిప్పు, నడుమ పట్టీ, తిప్పితే రీఫిల్ బయటికి వచ్చే మర, రీఫిల్ ఉంటాయి. కర్రకు నిలువునా రంధ్రం చేసి, గొట్టాన్ని అంటించి, పైభాగాన్ని చెక్కాలి. మాటల్లో పని ఇంతే.

ఆకును 18 మిల్లీమీటర్ల చదరపు కడ్డీగా కోసి, రెండు ముక్కలు చేసి, కర్ర చార రెంటిలోనూ కలిసి వచ్చేలా పెన్సిలుతో ఒక గీత గీశాను. చెక్కడం మొదలుపెట్టగానే ఆ గీత కూడా పొట్టుతో పాటే రాలిపోతుందన్న ఆలోచన అప్పుడు నాకు రానేలేదు. మొదటి ముక్కకు రంధ్రం చేస్తూ తొందరపడి డ్రిల్లును ఏకబిగిన దింపేసరికి, పొడి బయటికి రాక లోపలే బిగిసి, కర్ర కాలిన వాసన వచ్చి, బిట్టు అడుగునుంచి బయటపడే చోట ముక్క నిలువునా పగిలింది. ఆ పైన పాఠం నేర్చుకుని, ముక్కను గొట్టం కంటే అంగుళం పొడుగ్గా ఉంచి, నాలుగైదు మిల్లీమీటర్లకొకసారి బిట్టును పైకి తీసి పొడి దులుపుతూ, అడుగు దాకా పొడవకుండానే ఆపి, ఆ కొసను రంపంతో కోసేశాను. పగలడానికి కొసే లేకపోతే పగులు ఎక్కడ వస్తుంది?

రెండో దెబ్బ జిగురు దగ్గర తగిలింది. క్షణంలో అంటుకునే పలచని జిగురు రాసి గొట్టాన్ని లోపలికి నెడితే, అది సగం దూరం వెళ్ళి అక్కడే రాయిలా బిగుసుకుపోయింది. ముందుకూ కదలదు, వెనక్కీ రాదు. ఆ ముక్కను ఇప్పటికీ బల్లమీదే ఉంచుకున్నాను. మరునాడు నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ జిగురు వాడాను. ఇత్తడి నున్నగా ఉంటే జిగురు పట్టదు కనుక గొట్టాన్ని ముందుగా గరుకు కాగితంతో రుద్ది, దాని నోట్లోకి జిగురు పోకుండా పచ్చి బంగాళాదుంప ముక్కలో గుచ్చి మూశాను. గొట్టాన్ని తిప్పుతూ తోసి, ఒక రాత్రి వదిలేశాను. తెల్లవారి ఆ దుంప బిళ్ళను పుల్లతో పొడిచి తీస్తుంటే మా అమ్మ వంటింటి సరుకుల లెక్క అడిగింది.

తరువాత నడుమ కడ్డీ, చుట్టూ పళ్ళు ఉన్న కట్టరుతో కొసలను చదును చేయాలి. కర్ర అరిగి అరిగి, ఇత్తడి అంచు గుండ్రంగా తళుక్కుమన్న క్షణంలో ఆపాలి. ఇంకొక్క చుట్టు తిప్పినా గొట్టం పొట్టిదవుతుంది, ముందే ఆపితే మొనకూ కర్రకూ మధ్య సందు కనిపిస్తుంది. నా ఉద్దేశంలో పెన్ను బాగోగులు తేలిపోయేది ఇక్కడే కానీ, అందరూ చూడవచ్చే ఆ చెక్కే ఘట్టంలో కాదు.

ఆ ఘట్టం నిజానికి గంటలోపే అయిపోయింది. రెండు ముక్కలనూ సన్నని ఇనుపకడ్డీకి ఎక్కించి, రెండు పక్కలా, ఎంత లావు దాకా చెక్కాలో చూపే కొలత బిళ్ళలు పెట్టి, కడ్డీ వంగకుండా నట్టును మితంగానే బిగించి, ముందు నిదానంగా మూలలు తీసి, గుండ్రమయ్యాక వేగాన్ని నిమిషానికి 2,500 చుట్లకు పెంచాను. బిళ్ళల దగ్గర పెన్ను లావు 8 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ, లోపలి గొట్టం 7. అంటే కొసల్లో మిగిలే కర్ర మందం ఒక్కో వైపు ముప్పాతిక మిల్లీమీటరు కూడా ఉండదు. అక్కడ ఉలి ఒకసారి కరిచి చిన్న పెచ్చు లేచింది. మిషన్ ఆపి, నేలమీది పొట్టులో వెతికి, దొరికిన పెచ్చును మళ్ళీ అంటించాను. ఇప్పుడు చూస్తే నాకు తప్ప ఎవరికీ తెలియదు.

180 నుంచి 600 నంబరు దాకా గరుకు కాగితాలతో రుద్ది, ప్రతిసారీ మిషన్ ఆపి నిలువుగా కూడా రుద్దాక లక్క మెరుగు పెట్టాను. ఏటికొప్పాక బొమ్మలవారు తిరుగుతున్న కర్రకు లక్కను అదిమితే రాపిడి వేడికి అది కరిగి పట్టుకుంటుంది. నాదీ ఆ సూత్రమే, కాకపోతే స్పిరిట్‌లో కరిగించిన లక్కను గుడ్డతో అద్దాను. ఎర్రటి ఇటుక రంగులో నల్లని చారలు ఒక్కసారిగా తేలాయి.

చివరికి భాగాలన్నిటినీ దవడల మధ్య బిగించే బెంచి వైసులో చెక్కముక్కల నడుమ పెట్టి నొక్కాను. మరను ఎక్కువ లోతుకు దించితే రీఫిల్ మొన లోపలికి వెళ్ళదు, దాన్ని వెనక్కి లాగడమూ కుదరదు. అందుకని వెంట్రుకవాసిగా నొక్కుతూ ఏడెనిమిది సార్లు రీఫిల్ పెట్టి చూసుకున్నాను.

దసరాకు ఆ పెన్నును పెదనాన్న చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "చక్రం ఆకు ఇంత సన్నబడిందా!" అని నవ్వి, "సరేగానీ ఇందులోకి రీఫిల్ మన ఊళ్ళో దొరుకుతుందంట్రా?" అని అడిగారు. దొరకదు. అప్పటినుంచి ఊరికి వెళ్ళినప్పుడల్లా విజయవాడ బీసెంట్ రోడ్డులో రెండు కొని పట్టుకెళ్తున్నాను. వేళ్ళు పట్టే చోట చెమటకు లక్క మెరుగు అప్పుడే కాస్త మాసింది.