పెదనాన్న టాటా మొబైల్‌కి మళ్ళీ ఆర్సీ వచ్చింది

నిన్న సాయంత్రం ఆర్సీ చేతికొచ్చింది. ఇంకో ఐదేళ్లు ఈ బండిని రోడ్డు మీద ఎవరూ పక్కకి తీయించలేరు. ఆ ఆర్టీఓ ఆఫీసు మీద కోపం ఇంకా దిగలేదు. దిగకముందే రాసేస్తున్నాను, ఇలాంటి పాత బండి ఇంట్లో పెట్టుకుని ఆలోచిస్తున్నవాళ్లకి పనికొస్తుంది.

బండి టాటా మొబైల్, వెనక సీటున్న డబుల్ క్యాబిన్, 1994 మోడల్, ప్రైవేటు రిజిస్ట్రేషన్. ఇప్పటి టాటా మోటార్స్‌ని అప్పట్లో టెల్కో అనేవారు. 1988లో వాళ్లు తెచ్చిన పికప్ ఇది. 1991లో వచ్చిన సియెర్రా కారు దీని మీద కట్టిందే. సియెర్రా అంటే ఇప్పుడు కుర్రాళ్లు కళ్లు పెద్దవి చేసుకుని చూస్తారు, దాని అన్నగారిని మాత్రం తూకానికి అమ్మేస్తున్నారు. మా పెదనాన్న ఒడిశాలో కాంట్రాక్టు పనులు చేసేవారు. బండి అక్కడే కొన్నారు, అక్కడి ఓఆర్ నంబరే. పనులు మానేశాక అది పెరట్లో చింతచెట్టు కింద ఆగిపోయింది. "నువ్వు అట్టుకెళ్తే అట్టుకెళ్లరా, నేదంటే పాతినుము కొనేవోడికి ఇచ్చేస్తాను" అన్నారు. పాతపట్నం దగ్గర మా ఇంటికి లారీ మీద తెచ్చుకున్నాను.

తెచ్చిన దగ్గర్నుంచీ ప్రతివాడూ ఒకటే మాట: పదిహేనేళ్లు దాటితే స్క్రాపే, ఎందుకు డబ్బులు తగలేస్తావు అని. ఇది తప్పు. పదేళ్లు దాటిన డీజిలు బండ్లు తిరగకూడదన్నది ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానికి 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ పెట్టి, 2018లో సుప్రీంకోర్టు నిలబెట్టిన రూలు. మన దగ్గర ప్రైవేటు బండికి పదిహేనేళ్ల తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు, మోటారు వాహనాల చట్టంలో 41వ సెక్షన్ అదే చెబుతుంది. ఈ భయం పెట్టే వాళ్లలో సగంమంది మన బండిని చవగ్గా కొట్టేద్దామని చూసేవాళ్లే.

లక్షన్నర దాటకూడదని ముందే గీత గీసుకున్నాను. దాటలేదు.

ఇంజిన్ తేలిగ్గానే లేచింది. ఇంజెక్టర్లు విప్పి, నాలుగు సిలిండర్లలోనూ కిరోసిన్, ఇంజినాయిల్ కలిపి పోసి కొన్నాళ్లు వదిలేశాను. తర్వాత పుల్లీకి పానా వేసి తిప్పితే కదిలింది. డీజిల్ పంపు విశాఖలో ఇచ్చి కేలిబ్రేషన్ చేయించాను. ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, లైన్లో గాలి తీసి తాళం తిప్పితే కాసేపు తెల్లపొగ కక్కి అందుకుంది. వైరింగ్ ఎలకలు కొరికేశాయి, మొత్తం కొత్తది వేశాను. బ్రేకుల దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు: మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, పైపులు అన్నీ కొత్తవే వేయించండి. టైర్ల మీద గీతలు బాగున్నాయని మోసపోవద్దు. పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2316 అని ఉంటే అది 2016లో 23వ వారంలో తయారైంది, ఎంత కొత్తగా కనబడినా తీసి పారేయండి.

తుప్పు సంగతి కొంచెం చెప్పాలి. చింతాకు అంతా ముందద్దం కింద జాలీలోకి దిగి, నీళ్లు పోయే కన్నాలు మూసుకుపోయాయి. ఆ తడి డ్రైవరు కాళ్ల కింద రేకుని పూర్తిగా తినేసింది. ఊళ్లో మేస్త్రీని పిలిస్తే పైన పుట్టీ పెట్టి రంగు కొట్టేస్తానన్నాడు. తుప్పు మీద పుట్టీ పెట్టడం బండికి ద్రోహం. పుట్టీ కింద తుప్పు తింటూనే ఉంటుంది, రెండు వానాకాలాల్లో బొబ్బలు లేస్తాయి, అప్పటికి మేస్త్రీ డబ్బు తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు. నేను మంచి ఇనుము తగిలేదాకా కోసేసి, 18 గేజి రేకు అట్టముక్కతో కొలత తీసి కత్తిరించి, సీఓటూ వెల్డింగ్ మెషీన్ అద్దెకి తెచ్చి నా చేత్తో నేనే అతికించాను. ఒకేచోట లాగించకుండా ఇక్కడో చుక్క అక్కడో చుక్క వేసుకుంటూ పోతే రేకు వంకర్లు పోదు. ఆ నేల మీద ఇప్పుడు ఎవరైనా గెంతొచ్చు. పాతికేళ్లుగా షాపు నడుపుతున్న వెల్డర్ ఒకాయన వచ్చి చూసి, ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు.

ఇక్కడిదాకా చెమటతో పోయేదే. అసలు యాతన రిజిస్ట్రేషన్ దగ్గర.

ఆర్సీ గడువు 2024లో అయిపోయింది. పొడిగింపుకి ఫారం 25, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఫీజు. ఈ ఫీజు 2022 ఏప్రిల్‌కి ముందు 600. ఆ తర్వాత 5,000 చేశారు. 2025 ఆగస్టులో ఇరవయ్యేళ్లు దాటిన కార్ల తరగతికి 10,000 చేశారు. గడువు దాటిన ప్రతి నెలకీ 500 అదనం. అన్నీ కట్టాను, మారుమాట్లాడలేదు. బండిని మళ్లీ లారీ ఎక్కించి, పెదనాన్నని వెంటబెట్టుకుని ఒడిశాలో ఆ ఆఫీసుకి వెళ్లాను. ఏ ఊరో రాయను.

ఇన్‌స్పెక్టరు లైట్లు చూశారు, హారన్ చూశారు, బ్రేకు చూశారు. తర్వాత కుడివైపు ముందు చక్రం దగ్గర వంగి చాసిస్ నంబరు (బండి అడుగు ఫ్రేము మీద కొట్టి ఉండే నంబరు) కోసం టార్చి వేశారు. నంబరు ఉండాల్సిన చోట నల్లరంగు కింద నున్నటి ఇనుప ప్లేటు. బండి తిరుగుతున్న రోజుల్లో చాసిస్ బీటలిచ్చిందని ఎవరో రోడ్డుపక్క వెల్డర్ బలానికి అతికించిన ముక్క అది. సరిగ్గా నంబరు మీదే అతికించాడు.

ఇన్‌స్పెక్టరు లేచి నిలబడి, ఆవరణలో అందరికీ వినబడేలా ఒడియాలో అడిగారు: "ఎక్కడ కొట్టుకొచ్చావు దీన్ని?"

లైసెన్సు పరీక్షకి వచ్చిన పిల్లలు, ట్రాక్టర్ల వాళ్లు, ఆటోల వాళ్లు అందరూ తిరిగి చూశారు. ఆర్సీ చూపించాను, ఇంజిన్ నంబరు కలిసింది చూడండన్నాను. ఇంజిన్ ఎవడైనా మారుస్తాడు అన్నారు. తాళాలు తీసుకుని టేబుల్ మీద పెట్టుకున్నారు. ప్యూన్‌తో మా ఇద్దరినీ బండి పక్కన నిలబెట్టి ఫొటో తీయించారు. డెబ్బై దాటిన మనిషి మా పెదనాన్న. ఆ జిల్లాలో కల్వర్టులు కట్టిన మనిషి. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో పాత రసీదులు. ఒక్కొక్కటీ తీసి "ఇది నా బండే బాబూ" అని చూపిస్తుంటే ఆ ఇన్‌స్పెక్టరు ఫోను చూసుకుంటూ కూర్చున్నారు. కుర్చీ వేయమని ఎవరూ అనలేదు. మధ్యాహ్నం దాటాక తాళాలు విసిరేసినట్టు ఇచ్చి, నంబరు చూపించకపోతే పోలీసులకి రాస్తామన్నారు. దారంతా పెదనాన్న ఒక్క మాట మాట్లాడలేదు.

తనిఖీ చేసేవాళ్లకి అనుమానం రావడం తప్పని నేను అనను. దొంగబండ్లు ఉన్నాయి, చూడాల్సిందే. కానీ అనుమానం ఉంటే కాగితం మీద రాసివ్వాలి. పదిమందిలో దొంగా అని పిలిచే హక్కు ఏ కుర్చీకీ లేదు.

గేటు బయట బ్రోకరు కాచుకుని ఉన్నాడు. "పంచ్‌లు నా దగ్గరున్నాయి, కొత్తగా కొట్టించేద్దాం, పది నిమిషాల పని" అన్నాడు. దయచేసి ఎవరూ ఈ మాట వినకండి. ఆఫీసు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వకుండా నంబరు కొట్టిస్తే మీ సొంత బండినే మీరు దొంగబండి చేసుకున్నట్టు.

ఆ ఊళ్లోనే ఒక లారీ షెడ్డులో బండి పెట్టించి ప్లేటు నేనే తీశాను. గ్రైండరు ముట్టుకోలేదు. గ్రైండరు తగిలితే కింది అంకెలు అరిగిపోతాయి, చెరిపేశారంటారు. వెల్డింగు అంచుల వరకే ఉంది కాబట్టి హాక్సా బ్లేడుతో అంచు వెంబడి కోసి, సన్న ఉలితో లేపాను. కింద ఎర్రటి తుప్పు పొర. రాత్రంతా కిరోసిన్ గుడ్డ కట్టి ఉంచి, పొద్దున్న ఇత్తడి బ్రష్‌తో మెల్లగా రుద్దాను. తర్వాత సుద్దముక్క అడ్డంగా పెట్టి రాశాను. పల్లాల్లో సుద్ద నిలిచి, ఒక్కో అంకే తెల్లగా తేలింది. పెదనాన్న స్టూలు మీద కూర్చుని ఆర్సీ చూస్తూ పైకి చదువుతుంటే నేను కింద కలుపుకున్నాను. ఒక్క అంకె మాత్రం సగం తినేసింది, మూడో ఎనిమిదో తేలలేదు.

ఆ ఒక్క అంకె పట్టుకుని మళ్లీ తిప్పి పంపారు. అప్పుడు షెడ్డులో ఒక లారీ ఓనరు దారి చెప్పారు. మొదటి రిజిస్ట్రేషన్ అప్పుడు ఫారం 20తో పాటు చాసిస్ నంబరుకి పెన్సిల్ ప్రింటు (నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిన అచ్చు) తీసి ఇస్తారు, అది వాళ్ల ఫైల్లోనే ఉండాలి కదా అన్నారు. అడిగితే పాత ఫైళ్లు ఎక్కడ వెతుకుతామన్నారు. పెదనాన్న పేరు మీద సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. ఒడిశాలో దానికి ఫారం ఏ అని ఉంది, ఫీజు 10 రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ముప్పై రోజులూ అయ్యేదాకా ఉంచి మరీ ఇచ్చారు. కాగితం అంచులు పురుగు కొట్టేసింది గానీ మధ్యలో పెన్సిలు గీతల్లోంచి అంకెలు స్పష్టంగా ఉన్నాయి. ఎనిమిదే.

దాంతో పాటు కొత్త ప్రింటు, పక్కనుంచి లైటు పడేలా తీసిన ఫొటోలు పెట్టి పై అధికారికి ఇచ్చాను. ఆయన స్వయంగా కిందకి దిగి వచ్చి చూసి, అక్కడే సంతకం చేశారు. పెదనాన్నని కూర్చోమన్నారు, మంచినీళ్లు తెప్పించారు. ఆయనకి నమస్కారం. ఆ ఇన్‌స్పెక్టరు మాత్రం మా వైపు చూడలేదు.

కాబట్టి పాత బండి ఇంటికి రాగానే రంగు, సీటు కవర్లు ఆలోచించకండి. ముందు చాసిస్ నంబరు వెతికి, పెన్సిల్ ప్రింటు తీసి, ఆర్సీతో అంకె అంకె కలపండి. అది కనబడకపోతే అమ్మేవాడికి రూపాయి ఇవ్వకండి. కలిశాక దాని మీద గ్రీజు పూయండి, రంగు వేయొద్దు. ఆఫీసుకి ఓనరునే తీసుకెళ్లండి, బ్రోకర్ని కాదు. రంగు వేసుకునేవాళ్లు వానాకాలం పోయాక వేసుకోండి, చెమ్మకి మెరుపు చచ్చిపోతుంది. వెనక తలుపు మడతబందు మా ఇద్దరికీ ఇంకా దొరకలేదు. విజయవాడ ఆటోనగర్లో వెతకాలి.

వచ్చే వారం ఎన్‌ఓసీకి, అంటే అభ్యంతరం లేదన్న కాగితానికి, ఫారం 28 పెడుతున్నాం, బండిని ఆంధ్రా నంబరుకి మార్చుకోవాలి. అదీ అదే ఆఫీసులో. పెన్సిల్ ప్రింట్లు ఓ కట్ట తీసి, ఫైలు కాపీతో కలిపి పెదనాన్న ప్లాస్టిక్ సంచిలో అప్పుడే సర్దేశారు.