తాతగారి ఎయిర్ గన్, తిత్లీ తుఫానులో పడ్డ పనస

పాత ఎయిర్ గన్ కర్రకి మళ్ళీ మెరుగు పెట్టడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా జీడితోటలో కోతుల్ని బెదరగొట్టడానికి తాతగారు వాడిన గన్ అది. ఎవరో ఎప్పుడో పూసిన వార్నీషు పెచ్చులూడి, చెమట మరకలతో కర్ర నల్లబడిపోయింది. మరలు విప్పి గొట్టం వేరుచేసి, వార్నీషు గీకి, 120, 220, 320 నంబరు ఉప్పుకాగితాలతో కర్ర నార వెంబడే రుద్దాను.

అసలు సరదా సొట్టల దగ్గర. తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే, ఆవిరికి నొక్కుకుపోయిన కర్ర ఉబ్బి పైకొచ్చేసింది! మా వీధి వడ్రంగి బాబాయి చిట్కా. ఒక్క గాటు మాత్రం రాలేదు. నార తెగిన చోట ఆవిరి పనిచెయ్యదట. తాతగారు గట్టు మీంచి జారిపడ్డప్పటిదని అమ్మ చెప్పింది. వదిలేశా.

కాచిన అవిసెనూనె పలచగా పూసి, కాసేపాగి తుడిచెయ్యాలి. నేను రెండో పూత చిక్కగా కొట్టా. రెండ్రోజులైనా జిగురే. "ఏటి బాబూ, ఆవకాయకి పోసినట్టు పోసేసినావు!" అని బాబాయి ఒకటే నవ్వు. టర్పెంటైన్‌తో తుడిచి మళ్ళీ మొదలు.

అన్నట్టు, ఆ నూనెగుడ్డలు కుప్పగా పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నేను దండెం మీద విడివిడిగా ఆరేస్తే, మసిగుడ్డలనుకుని అమ్మ వంటింట్లోకి పట్టుకెళ్ళింది. అది వేరే గొడవ.

ఇక 2018 తిత్లీలో పడ్డ మా పనసచెట్టు పలక ఒకటుంది. బొబ్బిలి వీణలు చేసేది పనసకర్రతోనే. మనకంత లేదు, అమ్మ కత్తిపీటకి చెక్క అడుగుతోంది.