నువ్వులు వేగాయని ఎలా తెలుస్తుంది?

పోయిన సంక్రాంతికి నేను చేసిన నల్ల నువ్వుల ఉండలు చేదెక్కాయి. బెల్లం మంచిదే, పాకమూ సరిగ్గానే కుదిరింది. లోపమంతా నువ్వులను వేయించడంలోనే ఉంది. తెల్ల నువ్వులను గోధుమరంగు తిరిగేదాకా వేయించి దించడం అలవాటైన చేతితోనే నల్ల నువ్వులను మూకుడులో పోసి, ఆ రంగు కోసమే చూస్తూ నిలబడ్డాను. నల్లని గింజ ఎంత వేగినా నల్లగానే కనబడుతుందన్న సంగతి పొగ లేచిన తరువాత గాని నాకు తట్టలేదు.

అప్పటినుంచి ఈ పనిలో కంటి కన్నా చెవినీ ముక్కునూ ఎక్కువగా నమ్ముతున్నాను. పచ్చి నువ్వులు మూకుడులో పడగానే తడి ఇసుకలాగా బరువుగా కదులుతాయి. రెండు మూడు నిమిషాలకు వాటిలోని తేమ పోయి గరిటెకు తేలికగా తగులుతూ, సన్నగా గలగలమనడం మొదలవుతుంది. ఇంకొంత సేపటికి అక్కడొకటి ఇక్కడొకటి చిట్లి పైకెగురుతాయి. ఆ చిటపటలు ఎడతెరిపి లేకుండా వినబడుతూ, పచ్చి వాసన పోయి కమ్మని వాసన లేచినప్పుడు పొయ్యి ఆర్పాలి. అనుమానం తీరకపోతే రెండు గింజలను వేళ్ళ మధ్య నలిపి చూడవచ్చు. పచ్చివైతే మెత్తగా అణుగుతాయి, వేగినవైతే పొడిగా రాలిపోతాయి. పొయ్యి ఆర్పినంత మాత్రాన పని అయిపోదు, మందపాటి ఇనుప మూకుడు తనలో నిలిచిన వేడితో ఇంకా వేయిస్తూనే ఉంటుంది కనుక, వెంటనే వెడల్పాటి పళ్ళెంలోకి దిమ్మరించి పలుచగా పరచాలి. నేనేమో ఆ రోజు మూకుడును పొయ్యి మీదనే వదిలి, ఎవరో పిలిస్తే వీధి తలుపు తీయడానికి వెళ్ళాను.

నువ్వులలో సన్నని ఇసుక ఉంటుంది కాబట్టి ముందురోజే నీళ్ళలో గాలించి, గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టుకోవడం మంచిది. ఒక విడతకు 100 గ్రాములకు మించి పోయను, ఎందుకంటే పైనున్నవి వేడెక్కేలోపే అడుగునున్నవి మాడిపోతాయి. సన్నని సెగ మీద నా పొయ్యికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది గాని, గడియారం చూసి దించడాన్ని నేను ఒప్పుకోను. గింజలోని తేమ, మూకుడు మందం, సెగ ఏ రెండు రోజులూ ఒకేలా ఉండవు.

నువ్వు గింజ బరువులో దాదాపు సగం నూనే. వేడి తగిలినప్పుడు గింజలోని చక్కెరలూ, మాంసకృత్తులలోని అమైనో ఆమ్లాలూ కలిసి పచ్చి గింజలో లేని పరిమళాలను పుట్టిస్తాయి. 1912లో ఈ మార్పును వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడి పేరుతో దీనిని మెయిలార్డ్ చర్య అంటారు. కాల్చిన రొట్టె వాసన, వేగిన కాఫీ గింజ వాసన కూడా చాలామటుకు ఈ కోవలోవే. గింజ ఎంత చిన్నదైతే కమ్మదనానికీ మాడుకూ మధ్యనున్న ఎడం అంత తగ్గిపోతుంది. నువ్వుల విషయంలో అది అర నిమిషం కూడా ఉండదు.

పొడికి కావలసిన దినుసులన్నిటినీ ఒకే మూకుడులో కలిపి వేయించేవారిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అవిసె గింజలను నువ్వులలాగా కడగనే కూడదు, నీరు తగలగానే జిగురు పడతాయి; వేగేటప్పుడు నువ్వుల కన్నా గట్టిగా చిట్లి పొయ్యి గట్టు మీదికి ఎగురుతాయి కనుక మూత వారగా పెట్టుకోవాలి. అరకు లోయలో పసుపుపచ్చని పూల తోటలుగా కనబడే వలిసెల గింజలు, అంటే వెర్రి నువ్వులు, నలుపే కాబట్టి వాటికీ చెవినే నమ్ముకోవాలి. మెంతులలో మాత్రం కంటికి పని ఉంది, ఎర్రబడగానే దించకపోతే చేదు ముదిరి పులిహోర అంతటినీ పాడుచేస్తుంది. సకినాల పిండిలోకి వేసే నువ్వులను వేయించనక్కరలేదు, అవి ఎలాగూ నూనెలో వేగుతాయి.

ఆవాల సంగతి వేరు. పోపులో చిట్లిన ఆవాలు కమ్మగా ఉంటాయే తప్ప ఘాటుగా ఉండవు. నూరినప్పుడు తడి తగిలి ఘాటును పుట్టించే ఎంజైము వేడికి చచ్చిపోవడమే దీనికి కారణం. అందుకే పనసపొట్టు కూరకు ఆవ పెట్టేటప్పుడు పచ్చి ఆవాలనే నూరుతారు, ఆవకాయకు కూడా ఆవాలను ఎండబెట్టి దంచుతారు గాని వేయించరు.

వేయించినవి పూర్తిగా చల్లారాకనే మిక్సీలో వేయాలి. వేడి మీద మూత పెడితే ఆవిరి పట్టి పొడి ముద్దకడుతుంది. ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు ముందుగా తిప్పి, నువ్వులను చివర వేసి ఆపి ఆపి రెండు మూడు సార్లు తిప్పితే చాలు, అంతకు మించితే నూనె వదిలేస్తాయి. అవిసె పొడిని పదిహేను రోజులకు సరిపడా మాత్రమే చేస్తాను, దాని నూనె గాలికి త్వరగా చెడి పాత నూనె కంపు కొడుతుంది. నువ్వులు మా ఇంట్లో అంతదాకా రావు. పళ్ళెంలో ఆరుతుండగానే వచ్చేవారూ పోయేవారూ గుప్పెడు చొప్పున నోట్లో వేసుకుంటారు కనుక, పొడికి 100 గ్రాములు కావలసినప్పుడు రెండు విడతలుగా 150 గ్రాములు వేయిస్తున్నాను.