పైకి చూస్తూ నడుద్దాం

ఆదివారం, రాత్రి

సాయంత్రం అమ్మాయిని బస్సెక్కించి వచ్చాను. మళ్ళీ హాస్టల్. బస్సు కదిలేదాకా చార్జర్ పెట్టుకున్నావా, నీళ్ళ సీసా ఉందా అనే మాటలే మా ఇద్దరికీ. ఇంటికొస్తే తను సగం తాగి వదిలేసిన కాఫీ గ్లాసు గట్టు మీదే ఉంది. కడగబుద్ధి కాలేదు.

వంట చేస్తూ ఫోన్‌లో పాత పాటలు పెట్టుకున్నాను. వరసలో జపాన్ గాయకుడు క్యూ సకమోతో పాడిన 'సుకియాకి' వచ్చింది. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇవాళ మాత్రం స్టవ్ కట్టేసి నిలబడి విన్నాను.

సుకియాకి అంటే జపాన్‌వాళ్ళ మాంసం వంటకం. పాటకీ దానికీ ఏ సంబంధమూ లేదు. అసలు పేరు పలకడం కష్టమని ఇంగ్లండ్‌లో ఒక రికార్డు కంపెనీ ఇలా మార్చేసింది. అది నాకు ఇప్పటికీ బాధే. అసలు పేరుకి అర్థం 'పైకి చూస్తూ నడుద్దాం'. కన్నీళ్ళు జారకుండా తలెత్తుకుని, రాత్రిపూట ఒంటరిగా నడవడం. పాటంతా అదే.

రాసినాయన రొకుసుకే ఎయి. 1960లో అమెరికాతో భద్రతా ఒప్పందం వద్దని జపాన్‌లో జనం రోడ్లెక్కారు. ఒప్పందం ఆగలేదు. ఆ నిరసన నుంచి ఇంటికి నడిచొస్తున్నప్పటి నిరాశలోంచి పుట్టిందీ పాట. కానీ అందులో ఒప్పందం ఊసే లేదు. ఎవరి దిగులైనా అందులో ఇమిడిపోతుంది. 1963 జూన్‌లో అదే అమెరికాలో, ఒక్క ముక్క అర్థం కాని జనం, దాన్ని మూడు వారాలు అక్కడి హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానంలో నిలబెట్టారు. జపనీస్ పాట అక్కడిదాకా వెళ్ళడం అదే మొదలు.

హచిదాయ్ నకమురా కట్టిన బాణీ హుషారుగా ఉంటుంది. 1961లో అది పాడేనాటికి సకమోతోకి ఇంకా 19 ఏళ్ళే. నవ్వు మొహంతో పాడుతున్నట్టే ఉంటుంది ఆ గొంతు. మధ్యలో మాటలు ఆపేసి ఈల వేస్తాడు. నాకు ఏడుపొచ్చేది సరిగ్గా అక్కడే. అంత చక్కటి మనిషి 1985 ఆగస్టులో జపాన్ ఎయిర్‌లైన్స్ విమాన ప్రమాదంలో పోయాడు, 43 ఏళ్ళకి.

ఇందాకే అమ్మాయి ఫోన్ చేసింది, చేరానమ్మా అని. గదిలో ఫ్యాన్ బాగు చేశారట, పక్క మంచం అమ్మాయి ఇంకా రాలేదట. గొంతు మామూలుగానే ఉంది. కాస్త ఎక్కువ మామూలుగా. నేనూ అలాగే మాట్లాడాను.

గ్లాసు ఇంకా గట్టు మీదే ఉంది.