ఒకే పుస్తకం ఆరు కాపీలు

2024 డిసెంబరులో హైదరాబాదు ఎన్టీఆర్ స్టేడియంలో జరిగిన పుస్తక ప్రదర్శనకి వెళ్లాను. ఒక స్టాల్‌లో బిల్లు కోసం నిలబడితే, నా ముందున్న ఆవిడ గోపీచంద్ నవల ‘అసమర్థుని జీవయాత్ర’ ఆరు కాపీలు కట్ట కట్టించుకుంటున్నారు. “పంచిపెట్టడానికా అక్కా?” అని అడిగాను. “కాదమ్మా, నెలకోసారి కొంతమందిమి కూర్చుని మాట్లాడుకుంటాం. వచ్చే నెల ఈ పుస్తకం. నువ్వు చదివావా?” అన్నారు. ఇంటర్‌లో ఉన్నప్పుడు చదివాను, సగం గుర్తులేదన్నాను. “అయితే మళ్లీ చదివి రా” అని నా నంబరు తీసుకున్నారు.

నేను ఖమ్మం నుంచి హైదరాబాదు వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు. మియాపూర్‌లో ఉంటాను, ఒక కంపెనీ అకౌంట్స్‌లో పని చేస్తాను. ఊళ్లో ఉన్నప్పుడు మా నాన్న గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకాన్ని ఇంట్లో ముగ్గురం వంతులేసుకుని చదివేవాళ్లం. అన్నాల దగ్గర దాని మీదే వాదన. ఇక్కడికొచ్చాక చదవడం మానలేదు గానీ, చదివింది చెప్పుకోవడానికి మనిషి లేకుండా పోయారు.

అంతకుముందు, 2023లో, ఒక ఇంగ్లిష్ బుక్ క్లబ్‌కి రెండుసార్లు వెళ్లాను. కెఫేలో ముప్పై మంది దాకా వచ్చేవాళ్లు. అందరూ మంచివాళ్లే. కానీ మాట్లాడేది నలుగురే. నేను చెప్పాల్సింది మనసులో కూర్చుకునేలోపే విషయం దాటిపోయేది. పది పన్నెండు మంది మించితే అది సభ అయిపోతుంది, కబుర్లు సాగవు. ఈ మాట ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను.

పుస్తకాల అక్క నన్ను వాట్సాప్ గ్రూపులో చేర్చారు. అందులో పదకొండు మంది ఉన్నారు. ఏం చదువుతారు, ఏం చేస్తారు అని ఎవరూ అడగలేదు. ఒక్క మెసేజ్ వచ్చింది: నెలలో చివరి ఆదివారం ఉదయం ఎనిమిదింటికి పబ్లిక్ గార్డెన్స్‌లో కలుస్తాం, జనవరి 26 రిపబ్లిక్ డే కాబట్టి ఈసారి ఒక వారం ముందు, 19న. చదవడం పూర్తికాకపోయినా రండి, చదివినట్టు మాత్రం మాట్లాడకండి. ఆ చివరి వాక్యం చూశాక కొంచెం ధైర్యం వచ్చింది.

పుస్తకం చిన్నదే. రెండుసార్లు చదివి కాగితం మీద పాయింట్లు కూడా రాసుకున్నాను. అయినా మియాపూర్ నుంచి అసెంబ్లీ స్టేషన్ దాకా మెట్రోలో ఒకటే టెన్షన్. అమీర్‌పేటలో దిగి వెనక్కి వెళ్లిపోదామా అనిపించింది. వెళ్లేసరికి జూబ్లీ హాల్‌కి కొంచెం అవతల, చెట్టు కింద రెండు చాపలు, ఒక టీ ఫ్లాస్కు, ఎనిమిది మంది. చుట్టూ వాకింగ్‌కి వచ్చినవాళ్లు తిరుగుతున్నారు. ఉదయం వేళ, నలుగురూ తిరిగే చోటు. తెలియనివాళ్ల దగ్గరికి ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకి ఇది చాలా పెద్ద విషయం.

వాళ్ల పద్ధతి నాకు బాగా నచ్చింది. మొదట ఒక్కొక్కరు మూడు నిమిషాలు మాట్లాడాలి. మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు. అందరిదీ అయ్యాకే వాదనలు. రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన ఉన్నారు, నవల గురించి గంటసేపు చెప్పగలరు. ఆయన కూడా మూడు నిమిషాలకే ఆపేశారు.

నా పక్కన జగిత్యాల అబ్బాయి కూర్చున్నాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పటి నుంచీ హాస్టల్లో ఇంగ్లిష్ మీడియం. తెలుగు బోర్డులు కూడబలుక్కుని చదువుతాడు గానీ నవల చదవలేడు. “మా అమ్మ రోజూ రాత్రి ఫోన్‌ల పది పేజీలు చదివి వినిపించింది. కొన్ని దిక్కుల ఆగిపోయేది. సిగ్నల్ పోయిందేమో అనుకున్న. కాదు, అమ్మనే చదువుడు ఆపింది” అన్నాడు. తల్లి ఎక్కడెక్కడ ఆగిందో ఆ చోట్లే అతని మూడు నిమిషాలూ. నవల గురించి ఆ రోజు విన్నవాటిలో నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నవి ఆ మాటలే.

తర్వాత నా వంతు. రాసుకున్న కాగితం తియ్యలేదు. ఆ నవల్లో సీతారామారావుకి తండ్రి వంశ ప్రతిష్ఠ నిలబెట్టమని చెప్పి పోతాడు. ఆ మాటకి కట్టుబడి, అడిగినవాళ్లకి కాదనలేక ఆస్తి కరిగించేసుకుంటాడు. ఇంటర్‌లో చదివినప్పుడు అతని మీద కోపం వచ్చింది. ఈసారి మా నాన్న గుర్తొచ్చాడు. కాదంటే పరువు పోతుందని ఒక బంధువు అప్పుకి హామీ సంతకం పెట్టాడు. రెండెకరాలు పోయింది. ఈ తొమ్మిదేళ్లలో ఈ నగరంలో ఎవరికీ చెప్పని సంగతి అది, చాప మీద కూర్చుని ముక్కూమొహం తెలియనివాళ్లకి చెప్పేశాను. ఎవరూ అయ్యో అనలేదు. అక్క టీ పోసి ఇచ్చారు. మాస్టారు మాత్రం, “మీ నాన్నగారు ఈ నవల చదివారామ్మా?” అని అడిగారు.

ఆ పుస్తకం మా ఇంటికి తెచ్చిందే నాన్న. సాయంత్రం ఫోన్ చేసి అడిగాను. “చదివిన. అందుల రామయ్య తాత మాటలు బాగుంటయ్” అన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ గుంపులో ఎవరెవరు వస్తారో, టీ ఎవరు తెస్తారో వివరంగా అడిగాడు.

ఫిబ్రవరిలో పుస్తకం సగమే అయింది. మానేద్దామనుకుని మళ్లీ వెళ్లాను, అయినంతవరకే మాట్లాడాను. మార్చిలో చివరి ఆదివారం, 30న, ఉగాది. దాన్ని 23కి జరిపితే ఆఫీసులో ఇయర్ ఎండింగ్ పని నెత్తి మీదికొచ్చింది. తొమ్మిదింటికి చేరి అరగంట కూర్చున్నాను. అప్పుడే అందరూ లేచి ఆబిడ్స్‌కి బయల్దేరారు. ఆదివారం షాపులు మూసి ఉంటాయి కదా, వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలే. వచ్చే నెల చదవాల్సిన పుస్తకం కొత్త కాపీలు దొరక్కపోతే అక్కడ వెతుకుతారు, లేదా కాచిగూడ నవోదయ బుక్ హౌస్‌లో అడుగుతారు. నిజానికి నాకు వాళ్లతో చనువు ఏర్పడింది ఆ నడకలోనే. చాప మీద ‘మీరు’ అన్నవాళ్లు పుస్తకాల గుట్ట ముందు ‘నువ్వు’లోకి వచ్చేశారు.

అందుకే ఇలాంటి గుంపు కోసం వెతుకుతున్న ఎవరికైనా నేను చెప్పేది, ఒక్కసారి వెళ్లి తేల్చుకోవద్దు. కనీసం మూడుసార్లు వెళ్లండి. మొదటిసారి కంగారులోనే గడిచిపోతుంది. ఇంకొకటి, పుస్తకం ఎలా ఎంచుతారో ముందే కనుక్కోండి. మా దగ్గర అందరూ పేర్లు రాసి చీట్లు వేస్తారు. ఎప్పుడూ ఒకరే నిర్ణయించే చోట కొన్నాళ్లకి విసుగొస్తుంది. వానాకాలం ఎక్కడ కూర్చుంటారో కూడా అడగండి. మాకు వాన పడితే చిక్కడపల్లిలో అక్క వాళ్ల ఇల్లే దిక్కు.

ఏప్రిల్‌లో జగిత్యాల అబ్బాయి వాళ్లమ్మ కొడుకుని చూడటానికి హైదరాబాదు వచ్చింది, ఆదివారం అతనితో పాటే చెట్టు కిందికి వచ్చింది. మాట్లాడమంటే, వింటానంది. చేతిసంచీలోంచి జనవరి పుస్తకం తీసి నాకు ఇచ్చింది. పది పేజీలకోసారి అంచున పెన్సిలుతో చిన్న గీత, పక్కన తేదీ. ఒకచోట రెండు పేజీలకే గీత ఉంది. “ఆ రోజు ఇంకా చదువు అన్నడు గని, నాతోని కాలేదు బిడ్డా” అంది.