బతీనా ఇసుక, గంజాం ఇసుక

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. ఇచ్ఛాపురం నుంచి బరంపురం దాకా ఆ రాత్రి గాలీ వానా చూసినవారికి ఆ సంగతి అక్కడితో ముగిసింది. కాని ఆ వాయుగుండం నేల మీదుగా పడమరకు సాగి, అరేబియా సముద్రంలో మళ్ళీ బలం పుంజుకుని, షాహీన్ అనే మరో పేరుతో అక్టోబరు 3న ఒమాన్‌లోని బతీనా తీరం మీద విరుచుకుపడింది. కందకం తవ్వకుండా భూమి కింద పైపులూ కేబుళ్ళూ వేసే పనిలో మేము అప్పుడు ఆ తీరంలోనే ఉన్నాము. మొదటి వారం మేము ఇళ్ళకు ఫోన్లు చేసి క్షేమం కనుక్కున్నాము. మరుసటి వారం ఇళ్ళవాళ్ళే మాకు ఫోన్లు చేశారు.

మా బృందంలో ఎక్కువమంది గంజాం, శ్రీకాకుళం జిల్లాలవాళ్ళే. గోపాల్‌పూర్ తీరాన తెలుగు మాట్లాడే బెస్త కుటుంబాల పిల్లలు, చికిటి వైపు ఒడియా పిల్లలు, సోంపేట, కవిటి నుంచి వచ్చిన ఉద్దానం కుర్రాళ్ళు ఒకే గదిలో వండుకుని తినేవాళ్ళము. గంజాం మనుషులకు వలస కొత్త కాదు. గోపాల్‌పూర్ రేవు కళకళలాడిన రోజుల్లో మన పెద్దలు అక్కడే ఓడ ఎక్కి రంగూనుకు వెళ్ళారు, తర్వాతి తరాలు సూరత్ మరమగ్గాలకు వెళ్ళాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే వరకూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న జిల్లా కనుక, బరంపురంలో పుట్టిన నా బోటివాడికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ సహజంగానే వచ్చాయి. ఫోర్‌మన్ హిందీలో చెప్పిన మాటను రెండు భాషలలోనూ అందరికీ అందించడం నా వంతు అయింది, అలా అందిస్తూనే నేను పని నేర్చుకున్నాను.

హెచ్‌డీడీ (హారిజాంటల్ డైరెక్షనల్ డ్రిల్లింగ్, అంటే నేల కింద అడ్డంగా తొలుచుకుంటూ పోవడం) అని పిలిచే ఈ పద్ధతికి ఆద్యుడు మార్టిన్ చెరింగ్టన్ అనే అమెరికన్. 1971లో కాలిఫోర్నియాలోని పహారో నది కింద గ్యాసు పైపు వేయడంతో ఇది మొదలైంది. రిగ్ అనే తొలిచే యంత్రాన్ని ఒక గట్టున నిలిపి, నేలలోకి పది పన్నెండు డిగ్రీల వాలులో రాడ్లను ఒకదాని తర్వాత ఒకటి దింపుతూ, అడ్డంగా తిప్పి, అవతలి గట్టున పైకి తేల్చడం మొదటి దశ, దీనినే పైలట్ బోర్ అంటాము. తర్వాత రాడ్ల కొనన నేలను తొలిచే బిట్టును తీసి, రీమర్ అనే పనిముట్టు తగిలించి, వేయబోయే పైపు కన్నా సుమారు ఒకటిన్నర రెట్లు వెడల్పుగా రంధ్రాన్ని పెంచుతాము. చివరికి అవతలి గట్టు నుంచి పైపును లోపలికి లాగుతాము. సముద్రపు ఒడ్డున ఈ పద్ధతి ఎందుకు అవసరమో ఇసుకలో గొయ్యి తవ్వి చూసినవారికి చెప్పనక్కరలేదు. మోకాలి లోతు దాటేసరికి నీరు ఊరుతుంది, గోడలు జారుతాయి, నీటిని మోటారుతో తోడితే పక్క ఇంటి పునాది కింద ఇసుక కూడా కదులుతుంది. బతీనాలో దీనికి తోడు వాదీలు ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ భాగం ఎండి పడి ఉండే ఆ వాగులు వాన వచ్చిన పూట రోడ్డునూ, దాని పక్కన పైపైన పాతిన కేబుల్‌నూ కలిపి ఊడ్చుకుపోతాయి. షాహీన్ తర్వాత మాకు వచ్చిన పనిలో చాలా భాగం వాదీల అడుగున, కోతకు అందని లోతులో పైపు వేయడమే.

ఈ పనిలో అసలు విద్య ఇద్దరి చేతుల్లో ఉంటుంది: ఒకరు నేల కింద బిట్టు ఎక్కడుందో చూపే లొకేటర్ పట్టుకుని నేల మీద నడిచే మనిషి, రెండోవారు రంధ్రంలోకి పంపే మడ్ అనే ద్రవాన్ని కలిపే మనిషి. రిగ్ ఎక్కి మీటలు నొక్కే ఆపరేటర్ కూడా వీరిద్దరి మాట మీదే నడవాలి. మన పిల్లలు ఏళ్ళ తరబడి రాడ్లు మోస్తూ హెల్పర్లుగానే ఉండిపోవడం చూసి బాధపడి, ఆ రెండు పనుల గురించి వివరంగా రాస్తున్నాను.

బిట్టు వెనక ఉన్న గొట్టంలో సోండ్ అనే చిన్న ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. అది పంపే సంకేతాన్ని పైన నడిచే మనిషి చేతిలోని లొకేటర్ అందుకుని లోతు, వాలు, బిట్టు ముఖం ఏ వైపుకు తిరిగి ఉందన్నది, సోండ్ ఎంత వేడెక్కిందన్నది చూపిస్తుంది. బిట్టు ముఖం ఒక పక్క ఏటవాలుగా చెక్కి ఉంటుంది కనుక, తిప్పుతూ నెట్టితే అది తిన్నగా పోతుంది. తిప్పడం ఆపి, ముఖాన్ని గడియారంలో పన్నెండు దగ్గర నిలిపి నెట్టితే పైకి, ఆరు దగ్గర నిలిపితే కిందికి, మూడు దగ్గర కుడికి, తొమ్మిది దగ్గర ఎడమకి మళ్ళుతుంది. ఇంతవరకు ఒక పూటలో ఎవరైనా నేర్చుకుంటారు. కష్టమంతా అంకెలను ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు నమ్మకూడదు అన్న దగ్గర ఉంది. బతీనాలో దశాబ్దాలుగా తోటల కోసం నీటిని అతిగా తోడడంతో సముద్రపు నీరు భూగర్భంలోకి చొచ్చుకు వచ్చింది. ఆ ఉప్పునీటిలో తడిసిన ఇసుక సంకేతాన్ని మింగేస్తుంది. కాంక్రీటు రోడ్డు కింది ఇనుప ఊచలూ, పక్కన పోయే కరెంటు కేబుళ్ళూ దాన్ని వంకర చేస్తాయి.

నాకు ఈ పని నేర్పిన ఫిలిప్పీన్ ఫోర్‌మన్ రిగ్ స్టార్ట్ చేయకముందే దారి పొడవునా రెండుసార్లు నడిపించేవాడు. మొదటిసారి సోండ్‌కు బ్యాటరీ వేయకుండా ఒట్టి లొకేటర్‌తో నడవాలి. ఏ సంకేతమూ లేనిచోట తెరపై బలం కనిపిస్తే అది పరాయి సంకేతం, ఆ చోట సున్నంతో గుర్తు పెట్టాలి. రెండోసారి ఒకడు సోండ్ పట్టుకుని, ఇంకొకడు మూడు మీటర్ల దూరంలో లొకేటర్ పట్టుకుని సమానంగా నడవాలి. ఎక్కడ అంకె మూడు మీటర్లు కాకుండా పోయిందో అక్కడ రేపు లోతు తప్పు చూపుతుంది. టేపు పట్టి కొలవనిదే ఆయన ఏ అంకెనూ ఒప్పుకునేవాడు కాదు. ఎండాకాలంలో జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా ఆరుబయట పని చేయించకూడదని ఒమాన్‌లో నిబంధన ఉంది. ఆ విరామం తర్వాత రిగ్ దగ్గరకు వెళ్ళగానే రాడ్ కలపకముందే సోండ్ వేడిని చదివించేవాడు, ఎందుకంటే సోండ్‌ను చల్లబరిచేది మడ్ ప్రవాహమే. పని నడుస్తుండగా వేడి పెరుగుతున్నదంటే బిట్టు దగ్గరికి మడ్ చేరడం లేదన్న మాట.

మడ్ అంటే బురద కాదని మొదట గ్రహించాలి. అది బెంటొనైట్ అనే మట్టిని నీటిలో కలిపి చేసే ద్రవం. మన దేశంలో దీనికి పేరుపడ్డది గుజరాత్‌లోని కచ్ ప్రాంతం. ఇసుకలో రంధ్రం కూలకుండా నిలబడేది ఈ ద్రవం వల్లనే: అది రంధ్రపు గోడకు పల్చని పొరలా పట్టుకుని, లోపలి ఒత్తిడితో ఇసుకను ఆపుతుంది, తెగిన ఇసుకను తేల్చి బయటికి తెస్తుంది. ఉప్పునీటిలో బెంటొనైట్ ఉబ్బదు. తీరంలో బోరు నీళ్ళు దగ్గరగా ఉన్నాయి కదా అని వాటితోనే కలిపితే బస్తాలు ఖర్చవుతాయి తప్ప ద్రవం చిక్కబడదు. మంచినీటి ట్యాంకరు తెప్పించి, ముందు సోడా యాష్ వేసి, పీహెచ్ 8.5కూ 9.5కూ మధ్యకు తెచ్చి, ఆ తర్వాతే బెంటొనైట్‌ను కొద్దికొద్దిగా చల్లుతూ కలపాలి. చిక్కదనాన్ని చూడడానికి మార్ష్ ఫనెల్ అనే గరాటు ఉంటుంది. మామూలు నీరు అందులోంచి ఒక క్వార్టు, అంటే లీటరుకు కాస్త తక్కువ, దిగడానికి 26 సెకన్లు పడుతుంది. ఇసుక నేలలో మేము 50 సెకన్లు దాటనిదే పంపు కలిపేవాళ్ళము కాదు. అయితే చిక్కదనం ఎక్కువైనా, పైన మట్టి కప్పు తక్కువైనా ఒత్తిడికి మడ్ నేలను చీల్చుకుని పైకి ఉబుకుతుంది. ఒకసారి చేపల మార్కెట్ పక్కన, పడవలు నిలిపే చోట అలా ఉబికింది. అక్కడి ముసలి జాలరి ఒకరు కోపగించుకోకుండా తన వలలను ఓపికగా పక్కకు తీసుకుని, మేము ఇసుక బస్తాలతో గట్టు కట్టి ఆ ద్రవాన్ని ట్యాంకరులోకి తోడేదాకా నిలబడి చూశారు. సముద్రంలోకి ఒక్క చుక్క పోనివ్వలేదని మా గోపాల్‌పూర్ కుర్రాళ్ళు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. వలను బతుకుగా ఎరిగిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కనుక ఆ జాగ్రత్త వాళ్ళకు ఒకరు నేర్పవలసి రాలేదు.

పైపు లాగడం గురించి ఒక్క విషయం చెప్పి ముందుకు వెళ్తాను. హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్‌తో చేసిన నల్లటి పైపు ముక్కలను సుమారు 220 డిగ్రీల వేడి పలకతో కరిగించి అతుకుతాము. ఎండలో పరిచిన వంద మీటర్ల పైపు, వేడి ఇరవై డిగ్రీలు తగ్గితే ముప్పై, నలభై సెంటీమీటర్లు కురచవుతుంది. లాగినప్పుడు సాగిన సాగుడు వేరు. అందుకే లాగిన వెంటనే చివరలు కోయకుండా, రెండు వైపులా ఎక్కువ వదిలి, ఒక రాత్రి ఆగి కోయాలి. తొందరపడి కోసిన చోట పైపు తెల్లవారేసరికి గొయ్యిలోంచి లోపలికి జారి ఉంటుంది.

సెలవు మీద బరంపురం వచ్చిన ప్రతిసారీ గోపాల్‌పూర్ రోడ్డు మీద ఏదో ఒక కేబుల్ పని కనిపిస్తుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, గంటకు 200 కిలోమీటర్లు మించిన గాలికి జిల్లా అంతటా స్తంభాలు నేలకొరిగి ఊళ్ళు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి శ్రీకాకుళాన్నీ గంజాం, గజపతి జిల్లాలనూ మళ్ళీ దెబ్బతీసింది. తీగలు నేల కింద ఉండాలన్న మాట ఈ తీరంలో ఎవరికీ నచ్చజెప్పవలసిన అవసరం లేదు. కాని ఆ పని చేసే తీరు చూసి నేను కుంగిపోయాను. లొకేటర్ పట్టుకున్న మనిషి బయటి రాష్ట్రం నుంచి వచ్చాడు, రాడ్లు మోసేవాళ్ళు మాత్రం మన పిల్లలు. మడ్ చేతికి అందిన నీటితో కలుపుతున్నారు, గరాటు లేదు. ముందుగా చిన్న గొయ్యి తవ్వి పాత పైపులు ఎక్కడున్నాయో కళ్ళతో చూసుకోలేదు. నా ఎదుటే మంచినీటి పైపు తెగి, రెండు వీధులకు ఆ పూట నీళ్ళు రాలేదు.

మన ఇసుకకు ఇంకో గుణం ఉంది. ఛత్రపురం తీరంలో నల్లగా మెరిసే ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ వంటి ఖనిజాలు ఉంటాయి. వాటి కోసమే అక్కడ తవ్వి తీసే కర్మాగారం ఉంది. మామూలు ఇసుక కన్నా అవి బరువు, పల్చని మడ్‌లో తేలకుండా రంధ్రం అడుగున పేరుకుని, పైపు లాగేటప్పుడు బిగదీస్తాయి. బతీనాలో సరిపోయిన మడ్ ఇక్కడ సరిపోదు, ఇంకాస్త చిక్కగా ఉండాలి, లాగడం ఇంకాస్త నిదానంగా సాగాలి. ఈ సంగతి బయటినుంచి వచ్చినవాడికి చెప్పేవాళ్ళు లేరు. ఊరి పెద్దలను అడిగితే తెలిసేది ఇంకా ఉంది. రిగ్ దగ్గరకు వచ్చి చూస్తున్న ఒక పెద్దాయన, "ఇక్కడ పైన మాత్రమే ఇసక నాయనా, రెండు బారలు దిగితే బంక తగులుద్ది, మా బావి తవ్వినప్పుడు సూసినాను" అన్నారు. ఆ ఒక్క మాటతో బోరు లోతు నిర్ణయించవచ్చు, ఎందుకంటే బంకమట్టిలో రంధ్రం తనంత తాను నిలుస్తుంది, కాని బెంటొనైట్ ఒక్కటే పనిచేయదు, రాడ్లకు బంక అంటకుండా పాలిమర్ కూడా కలపాలి.

మా మేనల్లుడు ఆ రిగ్ మీదే హెల్పరుగా చేరాడు. "మావయ్యా, ఈ పెట్టె మూడు మీటర్లు అంటే నిజంగా మూడు మీటర్లేనా?" అని అడిగాడు. ఆ ప్రశ్న అడిగినవాడికి ఈ పని వస్తుందని నాకు నమ్మకం కలిగింది. మరుసటి ఉదయం కాంట్రాక్టరు మనిషిని బతిమాలి లొకేటర్ కాసేపు తీసుకుని, ఇసుకలో సోండ్ పెట్టి, టేపు పరిచి, రెండు మీటర్ల దగ్గర, మూడు దగ్గర, నాలుగు దగ్గర అంకెలు చదివించాను. వాడితో పాటు గోపాల్‌పూర్ బెస్త పిల్లలు ముగ్గురు కూర్చుని నోటుబుక్కులో రాసుకున్నారు. వాళ్ళు గల్ఫ్‌కు వెళ్ళే మాటయితే హెల్పర్ వీసా మీద సంతకం పెట్టే ముందు లొకేటర్ పని నేర్పుతారా అని ఏజెంటును అడిగి, కాగితం మీద రాయించుకోమని చెప్పాను. వెళ్ళకపోతే ఈ తీరంలోనే చేయవలసిన పని చాలా ఉంది.

ఒమాన్‌లో మాకు పని ఇచ్చినవాళ్ళు మూడు మీటర్ల రాడ్ రాడ్‌కూ లోతు రాసిన నక్షా అందనిదే బిల్లు కదలనిచ్చేవారు కాదు. గోపాల్‌పూర్‌లో అటువంటి నక్షా ఎవరూ అడగడం లేదు కనుకనే, ఇవాళ వేసిన కేబుల్ ఎక్కడుందో తెలియక వచ్చే ఏడాది ఇంకో రిగ్ దానిని తెంచుతున్నది. మా మేనల్లుడు ఇప్పుడు ఎవరూ అడగకపోయినా రాస్తున్నాడు: రాడ్ నంబరు, లోతు, వాలు, రోడ్డు అంచు నుంచి దూరం. ఆ పేజీలను పని పూర్తయిన రోజు పంచాయతీ ఆఫీసులో ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకుంటున్నాడు.