లిత్వినోవ్ కథ చదివిన రాత్రి

ఎనిమిదేళ్లు ప్రాణం పెట్టి చేసిన పని పోయిన నెల నా చేతిలోంచి తీసేశారు. రెండు వారాలు సరిగ్గా నిద్ర లేదు. ఆ రోజుల్లోనే రష్యా విప్లవకారుడు మక్సీమ్ లిత్వినోవ్ గురించి చదివాను.

1902లో కీవ్ జైలు. దుప్పట్లు చించి నిచ్చెన పేని, గోడకు కొక్కెం వేసి పదిమంది తోటి ఖైదీలతో కలిసి తప్పించుకున్నాడు. 1908లో పారిస్‌లో పోలీసులకు దొరికినప్పుడు అతని దగ్గర తిఫ్లిస్ (ఇప్పటి జార్జియాలోని త్బిలిసి)లో విప్లవకారులు చేసిన బ్యాంకు డబ్బు దోపిడీలో పోయిన 500 రూబుళ్ల నోట్లు ఉన్నాయి. అదే మనిషి 1930లో సోవియట్ విదేశాంగ మంత్రి అయ్యాడు! 1933లో వాషింగ్టన్ వెళ్లి రూజ్‌వెల్ట్‌తో మాట్లాడి తన దేశానికి అమెరికా గుర్తింపు తెచ్చాడు. శాంతిని ముక్కలు చేయలేమని నానాజాతి సమితిలో ఎంత గట్టిగా చెప్పాడో. హిట్లర్‌ను ఆపాలంటే దేశాలన్నీ కలవాలన్నదే ఆయన పట్టు.

1939 మేలో స్టాలిన్ ఆయన్ను తీసేసి మోలొటోవ్‌ను కూర్చోబెట్టాడు. ఆగస్టులో జర్మనీతో ఒప్పందం అయిపోయింది. ఆయన యూదుడు, పైగా ఆ ఒప్పందానికి అడ్డుగా నిలిచే మనిషి. పదవి పోయాక ఆ రెండేళ్లూ ఆయన ఇంట్లో ఎంత టెన్షన్ ఉండుంటుందో! తోటి దౌత్యవేత్తలు ఎందరో అప్పటికే అరెస్టయ్యారు. ఇక్కడ పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. నా బాధ దాని ముందు చిన్నదే, అయినా ఆయన బాధ నాకు అర్థమైంది.

1941లో జర్మనీ దాడి చేశాక మళ్లీ ఆయన్నే పిలిచారు. అమెరికాకు రాయబారిగా భార్య ఐవీతో వాషింగ్టన్‌లో దిగిన రోజు డిసెంబరు 7. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడింది ఆ రోజే.